మద్రాస్ రెజిమెంట్ అని రాసే ముందు

(విజయవాడలో కుటుంబ చరిత్రల సేకరణ మీద జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగం. మాటల తీరు అలాగే ఉంచి, పునరుక్తులు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. చేతిలో ఫొటోలున్నవాళ్ళు వాటిని ఫ్యాను కింద పెట్టకండి, ఎగిరిపోతాయి. మాట్లాడటం అయ్యాక ఒక్కొక్కటీ చూద్దాం.

ఇందాక గుమ్మం దగ్గర కొంతమంది పరిచయం చేసుకున్నారు. మా తాతగారు మద్రాస్ రెజిమెంటండీ, మా పెద్దనాన్న మద్రాస్ రెజిమెంటండీ, మా అమ్మమ్మ వాళ్ళ నాన్న పంతొమ్మిది వందల ముప్ఫైల్లో మద్రాస్ రెజిమెంటండీ అని. మొదటి ఇద్దరి సంగతి ఫొటో చూస్తేగానీ చెప్పలేను. ఆ మూడో ఆయన సంగతి మాత్రం ఫొటో చూడకుండానే అనుమానించాలి. ఎందుకో చెబుతాను.

పాత మద్రాసు సైన్యంలో మన తెలుగువాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. మన జిల్లాల్లో సుబేదారు, జమేదారు అనేవి ఇంటిపేర్లయ్యాయంటే ఊరికే కాలేదు. అయితే 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొరకి దక్షిణాది సిపాయిలంటే చిన్నచూపు. తర్వాత ఆయనే మొత్తం ఇండియా సైన్యానికి అధిపతి అయ్యాడు. యుద్ధానికి పనికొచ్చే జాతులు కొన్నే ఉంటాయనీ, అవి ఉత్తరాదిన ఉంటాయనీ ఒక సిద్ధాంతం. దాని దెబ్బకి మద్రాసు పటాలాలు ఒక్కొక్కటిగా పోయాయి. కొన్నిటిని పూర్తిగా ఎత్తేశారు. కొన్నిటికి నంబరు మార్చి, మద్రాసువాళ్ళని తీసేసి, పంజాబు మనుషుల్ని నింపి ‘పంజాబీస్’ అని పేరు పెట్టారు. మిగిలిన కర్ణాటిక్ పటాలాలూ వాలాజాబాద్ పటాలమూ వగైరా కలిపి 1922లో 3వ మద్రాస్ రెజిమెంట్ చేశారు. ఖర్చు తగ్గించాలంటూ 1928కల్లా దాన్నీ రద్దు చేశారు. టెరిటోరియల్ దళాలు మాత్రం మిగిలాయి, కానీ అది పూర్తికాలపు కొలువు కాదు. మళ్ళీ రెజిమెంటుకి ప్రాణం వచ్చింది రెండో ప్రపంచయుద్ధంలో, 1941–42లో.

అంటే 1930ల్లో ఆ రెజిమెంటులో జీతం మీద పనిచేసే సిపాయి లేడన్నమాట. మరి ఆ అమ్మమ్మగారి నాన్న అబద్ధం చెప్పారా? చెప్పలేదు. మద్రాసు సాపర్లలో చేసుంటారు, లేదా పయనీర్లలో. ‘మద్రాసు’ అనే ముక్క ఇంట్లో నిలబడింది, రెండో ముక్క పోయింది. తర్వాత తరంవాళ్ళు తమకి తెలిసిన పేరు తగిలించారు.

సాపర్లంటే వంతెనలు కట్టేవాళ్ళు, దారులు వేసేవాళ్ళు, మందుపాతరలు పెట్టేవాళ్ళు, తీసేవాళ్ళు. 1780లో మద్రాసు కోటలో రెండు కంపెనీలతో మొదలైన దళం అది. రాబర్ట్స్ చిన్నచూపు కూడా దాని జోలికి రాలేదు. బెంగళూరులో ఇప్పటికీ ఉంది, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అని. పయనీర్లు సగం పదాతి దళం, సగం దారులు వేసే పని. 61, 64, 81 నంబర్ల పటాలాలు వాళ్ళవి. 1933లో వాటినీ రద్దు చేశారు. ఇక రెండో యుద్ధం వచ్చాక జాతుల సిద్ధాంతం చెప్పుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. చదువూ చేతిపనీ వచ్చినవాళ్ళు కావాలి. మనవాళ్ళు వేలకి వేలు చేరారు. లారీ డ్రైవర్లుగా, వైర్‌లెస్ ఆపరేటర్లుగా, ఆస్పత్రి అటెండర్లుగా, ఫిట్టర్లుగా, స్టోరు గుమాస్తాలుగా. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉండనే ఉంది, ఊరి పేరు ముందే మిలటరీ అని పెట్టుకున్న ఊరు. అక్కడివాళ్ళకి కూడా అన్ని ఫొటోలూ ఒకే రెజిమెంటువి కావు.

కాబట్టి నేను చెప్పదల్చుకున్నది ఇదే. ఫొటో చేతిలోకి తీసుకునేటప్పుడు మద్రాస్ రెజిమెంట్ అనే మాటని కాసేపు గట్టు మీద పెట్టండి. ఫొటో ఏ సంవత్సరానిదో ముందు తేల్చండి. ఆ తర్వాతే ఏ దళమో చూడండి. సంవత్సరం తేలితే సగం రెజిమెంట్లు వాటంతట అవే తప్పుకుంటాయి.

ఫొటోని ఫ్రేములోంచి తీయగలిగితే తీయండి. వెనక స్టూడియో ముద్ర ఉంటుంది, ఊరు ఉంటుంది. బెంగళూరు అయితే సాపర్లని అనుమానించొచ్చు, కానీ ఆ ఊళ్ళో ఇంకా చాలా దళాలుండేవి. నీలగిరుల్లో కూనూరు, వెల్లింగ్టన్ అని ఉంటే మద్రాస్ రెజిమెంటు వైపు మొగ్గొచ్చు, దాని శిక్షణ కేంద్రం అక్కడే. జబల్‌పూర్ అయితే సిగ్నల్స్, అంటే వైర్‌లెస్ వార్తలు నడిపే దళం పేరు ముందు గుర్తుకి రావాలి. ‘ఎస్.ఇ.ఎ.సి.’ అనే అక్షరాలు కనిపిస్తే అది ఆగ్నేయాసియా కమాండ్, 1943లో ఏర్పడింది. అంతకుముందు ఫొటో అది కాదు.

తీయగలిగితే తీయమన్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు సింగ్ నగర్ ఇళ్ళల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి కదా, ఆ తర్వాత ఫొటో అద్దానికి అతుక్కుపోయిన ఫ్రేములు చాలా ఇళ్ళల్లో ఉన్నాయి. వాటిని లాగొద్దు. లాగితే మొహం అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయించండి. ఎండబెట్టడానికి ఇస్త్రీ పెట్టెలూ హెయిర్ డ్రయ్యర్లూ వద్దు. లామినేషన్ అసలే వద్దు.

స్కాను 1200 డీపీఐలో చేయించండి, టోపీ మీద బిళ్ళ చదవాలంటే అంత కావాలి. ఇంకో మాట, ఇది కుర్రవాళ్ళకి. ఫోన్‌లో పాత ఫొటోని పదునుపెట్టే యాప్‌లు వచ్చాయి. మొహం మెరిసిపోతూ వస్తుంది, ఇంట్లో వాళ్ళు సంతోషపడతారు, కాదనను. కానీ ఆ యాప్ టోపీ మీద మసగ్గా ఉన్న బిళ్ళని చూసి తనకి తోచిన సింహమో పక్షో గీసి ఇస్తుంది. అది మీ తాతగారి బిళ్ళ కాదు, యాప్ కల్పన. గుర్తు పట్టే పనికి అసలు స్కానే వాడండి. రంగు వేసిన పాత ఫొటోలకీ ఇదే వర్తిస్తుంది. స్టూడియోలో కుంచెతో రంగులద్దిన కళాకారుడు ఆ యూనిఫాం చూసి ఉండకపోవచ్చు.

తర్వాత ఫొటో తిరగబడిందేమో చూసుకోవాలి. నెగెటివ్‌ని అటుదిటు పెట్టి ప్రింటు వేస్తే ఎడమ కుడి అవుతుంది. మగవాళ్ళ చొక్కాకి ఎడమ అంచు కుడి అంచు మీదకి వస్తుంది. పతకాలు మనిషి ఎడమ రొమ్ము మీద, అంటే చూసేవాళ్ళకి కుడివైపు ఉంటాయి. అలా లేకపోతే ముందు ఫొటోని తిప్పి, అప్పుడు అక్షరాలు చదవండి.

రంగుల విషయంలో ఒక తిరకాసుంది. పాత ఫిలిం చాలావరకు ఎరుపుని పట్టుకోలేదు. ఆర్థోక్రోమాటిక్ అంటారు. దాంట్లో ఎరుపు నల్లగా వస్తుంది, పసుపు ముదురుగా వస్తుంది, నీలం తెల్లబోతుంది. మొదటి యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ రిబ్బను మధ్య నారింజ రంగు, అంచులు నీలం. ఫొటోలో చూస్తే మధ్య పట్టీ నల్లగా, అంచులు తేలిగ్గా కనిపిస్తాయి. ఇది తెలియనివాళ్ళు పుస్తకం పక్కన పెట్టుకుని గంటలు గంటలు వెతుకుతారు.

ఇప్పుడు మనిషిని చూద్దాం. మొహం కాదు, ముందు భుజం.

భుజం పట్టీ చివర ఇత్తడి అక్షరాలుంటాయి, షోల్డర్ టైటిల్ అంటారు. మన ఇళ్ళల్లోని ఫొటోలకి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. ‘ఆర్.ఐ.ఎ.ఎస్.సి.’ అని ఉంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, అంటే సరుకులూ లారీలూ నడిపిన దళం. దానికి రాయల్ అనే బిరుదు 1935లో వచ్చింది, 1950 జనవరి 26తో పోయింది. చూడండి, నాలుగైదు అక్షరాలు చదవగానే ఫొటో పదిహేనేళ్ళ మధ్యకి వచ్చి కూర్చుంది. ‘ఐ.ఇ.ఎం.ఇ.’ అయితే మరమ్మతు ఇంజనీర్లు, 1943లో పుట్టిన దళం. ‘ఐ.ఎ.ఎం.సి.’ వైద్యులూ ఆస్పత్రి సిబ్బందీ, అదీ 1943లోనే.

‘క్యూ.వి.ఓ.’ అని కనిపిస్తే జాగ్రత్త. క్వీన్ విక్టోరియాస్ ఓన్, మద్రాసు సాపర్ల పూర్తి పేరులోని ముక్క అది. విక్టోరియా పేరు ఉంది కాబట్టి 1901కి ముందు ఫొటో అని తీర్మానించేస్తారు. రాణి పోయిన నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆ దళం పేరులో ఆవిడ ఉంది. సాపర్ల తలకట్టు కూడా వేరే. తలపాగాని గట్టిగా చుట్టి టోపీలా బిగించినట్టుంటుంది, దుప్తా అంటారు, ఇప్పటికీ పరేడ్లలో చూడొచ్చు. అది కనిపిస్తే ఇంక భుజం చదవలేకపోయినా పెద్ద చిక్కులేదు.

భుజం కింద, చేతి మీద గుడ్డతో కుట్టిన బొమ్మ ఒకటి ఉండొచ్చు. నల్లపిల్లి, ఎర్ర డేగ, ఎర్ర కోడిపుంజు, బాకు. దాన్ని రెజిమెంటు అనుకోకండి. అది డివిజన్ గుర్తు, అంటే రకరకాల దళాలు కలిసి యుద్ధానికి వెళ్ళే పెద్ద జట్టు గుర్తు. మన బస్టాండులో బస్సు మీద డిపో పేరు వేరు, ముందు బోర్డు మీద వెళ్ళే ఊరి పేరు వేరు కదా. ఇత్తడి అక్షరాలు డిపో అయితే ఈ గుడ్డ బొమ్మ బోర్డు. మనిషి ఎక్కడ యుద్ధం చేశాడో అది చెబుతుంది. నల్లపిల్లి 17వ ఇండియన్ డివిజన్, బర్మాలో పోరాడింది. ఎర్ర కోడిపుంజు 23వది, బాకు 19వది, అవీ బర్మా వైపే. ఎర్ర డేగ 4వ డివిజన్, ఉత్తర ఆఫ్రికా, ఇటలీ. అదే చేతి మీద తిరగేసిన కత్తి ఉన్న డాలు కనిపిస్తే 14వ సైన్యం, బర్మానే. మీ ఇంట్లో ‘తాత రంగం వెళ్ళాడు’, అంటే రంగూన్ వెళ్ళాడు అనే మాటకి ఆధారం ఈ గుడ్డ ముక్కలో దొరుకుతుంది.

చేతి మీద గీతలు హోదా. ఒకటి లాన్స్ నాయక్, రెండు నాయక్, మూడు హవల్దార్. భుజం మీద ఒక నక్షత్రం ఉంటే జమేదారు, రెండుంటే సుబేదారు, కిరీటం ఉంటే సుబేదార్ మేజర్. ఆ ఒక్క నక్షత్రం చూసి మా తాత లెఫ్టినెంట్ అని చెప్పుకునే ఇళ్ళున్నాయి. ఆ రోజుల్లో జమేదారు కూడా తక్కువవాడు కాదండీ, ఊరు ఊరంతా లేచి నిలబడేది. నక్షత్రం బట్టి తేల్చకండి, కాగితం చూడండి. జమేదారు అనే హోదా పేరు 1965లో నాయబ్ సుబేదార్‌గా మారింది, అది కూడా కాలం చెప్పే గుర్తే.

బిళ్ళ మీద కిరీటం ఉంటే దాని కమానులు చూడండి. గుండ్రంగా పైకి లేచి ఉంటే రాజుల కాలం, 1901 తర్వాతది. కిరీటం బదులు మూడు సింహాలుంటే 1950 తర్వాత. మద్రాస్ రెజిమెంటు ఇప్పటి బిళ్ళ మీద ఏనుగుంటుంది, 1803 నాటి అస్సాయే యుద్ధం గుర్తు. ఆ ఏనుగు స్పష్టంగా కనిపిస్తే మద్రాస్ రెజిమెంటు వైపు గట్టిగా మొగ్గొచ్చు.

రొమ్ము మీద రిబ్బన్ల గురించి కొంచెం చెప్పాను. బర్మా స్టార్ రిబ్బను ఉంటే ఫొటో 1945 మే తర్వాతది, ఆ పతకమే అప్పుడు ప్రకటించారు. కాళ్ళ సంగతి రెండు మాటల్లో. పిక్కలకి మోకాలి దాకా గుడ్డపట్టీ చుట్టి ఉంటే మొదటి యుద్ధం నాటిది కావచ్చు, చీలమండ దగ్గర మాత్రమే పొట్టి పట్టీలుంటే రెండోది. గుర్రపు దళంవాళ్ళు పట్టీని మోకాలి నుంచి కిందికి చుట్టి చీలమండ దగ్గర ముడేస్తారు, పదాతి వాళ్ళు కింది నుంచి పైకి. చేతిలో తుపాకికి పిస్తోలు పట్టులాంటిది ఉండి, మందుగుండు పెట్టె బయటికి పొడుచుకొచ్చి ఉంటే అది సెల్ఫ్ లోడింగ్ రైఫిల్, 1960ల తర్వాతి మాట.

బెజవాడకి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. ఇది రైల్వే ఊరు. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, నైజాం రైల్వే కలిసిన జంక్షను. ఖాకీ కోటు, ఇత్తడి బొత్తాలు, బిళ్ళ టోపీ వేసుకుని గర్వంగా నిలబడ్డ గార్డునీ టీటీనీ ‘మిలటరీ తాత’ చేసేసిన ఇళ్ళు సత్యనారాయణపురంలో తక్కువేం కాదు. బొత్తాల మీద అక్షరాలు భూతద్దంతో చదవండి. మలబార్ స్పెషల్ పోలీసువాళ్ళున్నారు, 1921లో పెట్టిన దళం, చూడ్డానికి అచ్చం సైనికులే. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా జపాను బాంబులు పడ్డాక మన ఊళ్ళల్లో ఏఆర్‌పీ వార్డెన్లకి, అంటే విమాన దాడులప్పుడు జనాన్ని కాపాడే కార్యకర్తలకి కూడా యూనిఫాంలొచ్చాయి. భుజం మీద హైదరాబాద్ అని ఉంటే నిజాం సైన్యం అనుకోవద్దు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని ఇండియా సైన్యంలోనే ఉండేది, కుమావోనీలు, జాట్లు, అహీర్లు ఉండేవాళ్ళు, 1945లో దాని పేరు కుమావోన్‌గా మార్చారు. మనవాడు అందులో ఎలా చేరాడని అడగాలి. చేరలేదనే జవాబొస్తే స్టూడియోవాడి కోటేమో చూడాలి. అరువు కోట్లతో ఫొటోలు దిగడం ఇప్పటి ప్రీ వెడ్డింగ్ షూట్లతో మొదలవలేదు. [నవ్వులు]

నాయనమ్మల ఫొటోలు కూడా చూడండమ్మా. 1942లో విమెన్స్ ఆక్సిలరీ కోర్ పెట్టారు, ఖాకీ చీరల్లో ఆడవాళ్ళు పనిచేశారు. ఎవరో నర్సు అనుకుని పక్కన పెట్టేసిన ఫొటో అదే కావచ్చు.

ఫొటో చెప్పగలిగింది ఇంతే. పేరు, నంబరు ఫొటో చెప్పదు. వాటికి బీరువా వెతకాలి. పతకం ఉంటే ముందు దాని అంచు చూడండి, నక్షత్రాకారంలో ఉంటే వెనక చూడండి. రెండో యుద్ధంలో బ్రిటిష్ సైనికులకి పేరు లేకుండా పతకాలిచ్చారు కానీ మన సైనికుల వాటి మీద నంబరూ హోదా పేరూ దళమూ కొట్టి ఇచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని అంచు చుట్టూ తిప్పితే అన్నీ దొరుకుతాయి. తోమకండి, చింతపండు పెట్టి తోమితే అక్షరాలు అరిగిపోతాయి.

డిశ్చార్జి కాగితం, పింఛను పుస్తకం, మాజీ సైనికుడిగా ఇచ్చిన పొలం పట్టా, వీటిల్లో ఏదున్నా సరే. గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళలో చాలామందివి క్రైస్తవ కుటుంబాలు. గుంటూరుకి లూథరన్ మిషన్ వచ్చింది 1842లో. చర్చిలో పెళ్ళి రిజిస్టరు ఉంటుంది, దాంట్లో పెళ్ళికొడుకు వృత్తికి ఒక గడి ఉంటుంది. యుద్ధం రోజుల్లో సెలవు మీద వచ్చి పెళ్ళి చేసుకుని వెళ్ళినవాళ్ళ హోదా ఆ గడిలో రాసి ఉండే అవకాశం ఉంది. పాస్టరుగారిని మర్యాదగా అడగండి.

యుద్ధంలో చనిపోయినవాళ్ళయితే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా ఇంటర్నెట్లో ఉంది. మొదటి యుద్ధానికి 1921 ఆగస్టు దాకా, రెండో యుద్ధానికి 1947 డిసెంబరు దాకా చనిపోయినవాళ్ళు అందులో ఉంటారు. వెతికేటప్పుడు జిల్లా పేరు దగ్గర బోల్తా పడకండి. కృష్ణా అని కొడితే దొరకదు, పాత ఇంగ్లీషు స్పెల్లింగు ‘కిస్ట్నా’. పశ్చిమ గోదావరి 1925 దాకా కృష్ణా జిల్లాలోనే ఉంది. ఒంగోలు 1970 దాకా గుంటూరు జిల్లా. గుంటూరు జిల్లా పుట్టిందే 1904లో. ఇంటిపేరు చాలాసార్లు ఉండదు, ఉత్త వెంకటస్వామి అని ఉంటుంది, తండ్రి పేరూ ఊరి పేరూ బట్టే పోల్చుకోవాలి.

బతికి తిరిగొచ్చినవాళ్ళ రికార్డులు ఆయా దళాల రికార్డు ఆఫీసుల్లో ఉంటాయి. సాపర్లకి బెంగళూరు, మద్రాస్ రెజిమెంటుకి వెల్లింగ్టన్. నంబరు లేకుండా ఉత్తరం రాస్తే జవాబు రావడం కష్టం. ఎలా రాయాలో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

ప్రశ్నలుంటే అడగండి.

[సభలోంచి ఒకావిడ: మా మామగారి ఫొటోలో ఏ గుర్తూ లేదండీ. ఉత్త ఖాకీ చొక్కా, టోపీ.]

కొత్తగా చేరినప్పుడు దిగిన ఫొటో అయి ఉంటుందమ్మా. శిక్షణలో ఉన్నవాళ్ళకి బిళ్ళలు ఇంకా ఇచ్చి ఉండరు. ఎదురు ఫ్రంటుకి వెళ్ళేటప్పుడు శత్రువుకి తెలియకూడదని గుర్తులు తీసేయడం కూడా ఉంది. అలాంటి ఫొటోకి దళం పేరు పెట్టకండి. కింద ‘సైన్యంలో ఉన్నప్పుడు’ అని రాసి ఊరుకోండి. ఉత్తరాలేమన్నా ఉన్నాయా? కవరు మీద ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు ఉంటే అది ఏ రోజున ఎక్కడుందో పోస్టల్ చరిత్ర సేకరించేవాళ్ళ దగ్గర జాబితాలున్నాయి. కవర్లు పారేయకండి.

[ఒక పెద్దాయన: మావాడు నేతాజీ సైన్యంలో చేశాడంటారు. ఫొటోలో మాత్రం బ్రిటిష్ యూనిఫామే ఉంది. ఏది నిజం?]

రెండూ నిజం కావచ్చండీ. సింగపూర్ 1942 ఫిబ్రవరి 15న పడిపోయింది. మలయాలోనూ సింగపూర్‌లోనూ పట్టుబడ్డ ఇండియా సైనికుల్లోంచే ఆజాద్ హింద్ ఫౌజు మొదలైంది. ఓడ ఎక్కకముందు ఇంటికి పంపిన ఫొటోలో ఇండియా సైన్యం యూనిఫామే ఉంటుంది మరి. ఆ తర్వాత కథ ఫొటోలో వెతక్కండి. 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం వచ్చింది, ఫౌజులో చేసినవాళ్ళకీ వర్తించింది. ఆయన దరఖాస్తు పెట్టుకుని ఉంటే నకలు ఇంట్లోనే ఉండొచ్చు, ఏ పటాలం, ఎక్కడ ఖైదు, అన్నీ అందులో రాయాలి. ఢిల్లీలో జాతీయ అభిలేఖాగారంలో ఫౌజు కాగితాలు కూడా ఉన్నాయి. ముందు ఇంట్లో పెట్టె వెతికించండి, దరఖాస్తు దొరికితే దాన్ని పట్టుకుని ఢిల్లీకి రాద్దాం.

సరే, ఫొటోలు ఇటు తీసుకురండి. అద్దం పగిలిన ఫ్రేములు ముందు.